‘కువాను పుస్తకంలో నాకిలా కనిపించింది’: పోయిన ఐరిష్ చరిత్రలు, మిగిలిన ఆనవాళ్ళు

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు రెండు వాక్యాలు చదువుతాను. అల్‌స్టర్ ఆనల్స్ అని ఐర్లండ్ చరిత్ర గ్రంథం ఒకటుంది. అందులో 471వ సంవత్సరం కింద లాటిన్‌లో ఉన్న మాటలివి. తెలుగులో చెబుతాను: ‘సాక్సన్లు (బ్రిటన్‌లో స్థిరపడిన జర్మానిక్ తెగ) ఐర్లండ్‌ను రెండోసారి దోచుకుపోయింది ఈ ఏడాదే అని కొందరంటారు, మొఖ్తా కూడా అలాగే చెబుతున్నాడు. కువాను పుస్తకంలో నాకిలా కనిపించింది.’

అంతే. దోచుకుపోయిన వాళ్ళెవరో, ఎక్కడ దిగారో, ఏం పట్టుకుపోయారో ఏమీ లేదు. కానీ ఈ రెండు వాక్యాల్లో ఎంతమంది మనుషులున్నారో చూడండి. మొఖ్తా అనే ఆయన ఎక్కడో ఏదో రాశాడు. అది కువాను అనే ఆయన చూసి తన పుస్తకంలో ఎక్కించాడు. ఆ పుస్తకం ఇంకొకాయన ముందుంది, ‘నాకిలా కనిపించింది’ అన్నది ఆయన. చివరికి పదిహేనో శతాబ్దంలో ఒక లేఖకుడు ఇదంతా మక్కీకి మక్కీ ఎక్కించాడు. మన చేతికి వచ్చింది ఆ చివరాయన రాసిన ప్రతి ఒక్కటే. మొఖ్తా రాత పోయింది, కువాను పుస్తకమూ పోయింది. పోయినా, ఒకప్పుడు ఉండేవని మనకు తెలుసు. ఎందుకంటే మధ్యలో వాళ్ళెవరూ ‘ఈ మాట ఎందుకులే’ అని కొట్టేయలేదు.

ఈరోజు మాట్లాడబోయేది ఇలాంటి పుస్తకాల గురించే. మధ్యయుగపు ఐర్లండ్‌లో మఠాల్లో ఏడాది వారీగా రాసుకున్న చరిత్రలు చాలా ఉండేవి. వాటినే ఆనల్స్ అంటారు. తొలి మూలాలు దాదాపు అన్నీ పోయాయి. తర్వాతి వాళ్ళు ఎత్తిరాసుకున్నవి మిగిలాయి. ఆ ఎత్తిరాతల్లోంచి అసలును పట్టుకోవడం ఎలా అన్నదే ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పోయిన పుస్తకాన్ని మన దాకా తెచ్చింది గొప్ప పండితులు కాదు. ఉన్నదున్నట్టు దింపి, లేనిచోట లేదని చెప్పిన మామూలు రాతగాళ్ళు. బాగా చదువుకున్న సంపాదకులు చాలాసార్లు ఆ ఆనవాళ్ళను చెరిపేశారు కూడా. దానికి పేర్లతో సహా ఉదాహరణలు ఇస్తాను.

మొదట ఆ అల్‌స్టర్ ఆనల్స్ సంగతి. ఐర్లండ్ ఉత్తరాన ఫర్మానా ప్రాంతంలో అర్న్ సరస్సు ఉంది. ఆ సరస్సులో ఒక దీవి, ఇప్పుడు బెల్ ఐల్ అంటారు. అక్కడ కాహల్ మాక్‌మానస్ అనే మతాధికారి, చదువరి ఉండేవాడు. దొరికిన పాత పుస్తకాలన్నీ తెప్పించి, రూరీ ఓ లినీన్ అనే లేఖకుడి చేత ఒక పెద్ద సంకలనం రాయించాడు. అది 431తో మొదలవుతుంది. ఐర్లండ్‌లోని క్రైస్తవులకు పోప్ మొదటి బిషప్‌ను పంపిన ఏడాది అది. కాహల్ 1498లో మశూచితో చనిపోయాడు. ఆయన చావు వార్త ఆయన పుస్తకంలోనే ఉంది! ఎన్నో పుస్తకాల్లోంచి ఈ పుస్తకాన్ని కూర్పించిన మనిషి అని అందులో రాశారు. ఆ రాతప్రతి ఇప్పుడు డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో ఉంది.

‘ఎన్నో పుస్తకాలు’ అన్నారు కదా, వాటిలో కువాను పుస్తకం ఒకటి. ఐదో శతాబ్దం నుంచి ఏడో శతాబ్దం తొలి భాగం దాకా ఆ పేరు మాటిమాటికీ వస్తుంది. ఇంతకీ ఎవరీ కువాను? ఇవే ఆనల్స్‌లో 825 కింద ఒక చావు వార్త ఉంది: లౌత్ మఠానికి చెందిన కువాను, జ్ఞాని, బిషప్, కన్నుమూశాడు అని. అంతకు ఏడేళ్ళ ముందు లౌత్ మఠాధిపతి కువాను అనే మనిషి దక్షిణాదికి ప్రవాసం పోయాడని మరో వార్త. పోతూ పోతూ సాధువు అవశేషాలుంచే పేటిక ఒకదాన్ని వెంట తీసుకెళ్ళాడట. ఎవరి పేటిక అనుకుంటున్నారు? మొఖ్తాది. లౌత్ మఠానికి మూలపురుషుడు మొఖ్తా. ఇప్పుడు 471 వాక్యాన్ని మళ్ళీ గుర్తు చేసుకోండి. మొఖ్తా మాటను కువాను ఎత్తిరాశాడు. తన మఠం పెట్టిన మహానుభావుడి రాతలు ఆ మఠం పెద్ద దగ్గర ఉండటంలో వింతేముంది? ఇద్దరు కువానులూ ఒకరే అని రుజువు చేయలేం. కానీ పండితులు ఆయనే అయి ఉండాలని అనుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి.

మొఖ్తా కూడా ఊరికే పేరు కాదు. 535 కింద ఆయన మరణం నమోదైంది. దాని పక్కనే, ఆయన తన ఉత్తరంలో ఇలా రాశాడు అంటూ ఒక ముక్క: ‘పాపి, పూజారి, సెయింట్ పాట్రిక్ శిష్యుడు అయిన మొఖ్తా, ప్రభువు పేర నమస్కారం.’ ఉత్తరం మొత్తం పోయింది. సంబోధన ఒక్కటి మిగిలింది. అసలు ఉత్తరంలో ఏ తగాదా ఉందో, ఏ సలహా ఉందో తెలియదు. ఐర్లండ్‌లో క్రైస్తవాన్ని వ్యాపింపజేసిన పాట్రిక్‌ను ఎరిగిన మనిషి నోటి మాటగా, ఐర్లండ్‌లో మనకు దక్కిన అతి కొద్ది ముక్కల్లో ఇదొకటి.

కువాను ఒక్కడే కాదు. ‘సన్యాసుల పుస్తకం’ అని ఇంకోటి ఉదాహరిస్తారు. ‘డుబ్ డా లెతె పుస్తకం’ అని మరోటి. ఈ డుబ్ డా లెతె ఎవరో మాత్రం మనకు తెలుసు. ఆర్మా మఠంలో ప్రధాన అధ్యాపకుడిగా ఉండి 1049లో మఠాధిపతి అయ్యాడు, 1064లో పోయాడు. ఆయన పుస్తకమూ లేదు.

ఇవన్నీ పేరు చెప్పి ఉదాహరించినవి. అసలు కష్టం పేరు చెప్పకుండా వాడుకున్న పుస్తకంతో వస్తుంది. అదే అన్నిటికంటే పెద్దది.

అల్‌స్టర్ ఆనల్స్ ఒక పక్కన పెట్టండి. ఐర్లండ్ నడిమధ్యన, షానన్ నది ఒడ్డున క్లాన్‌మక్‌నాయిస్ అనే పెద్ద మఠం ఉండేది. ఆ మఠం పేరుతో ముడిపడిన ఆనల్స్ కొన్ని ఉన్నాయి. వాటిని రెండో పక్కన పెట్టండి. ఏడాది ఏడాదీ పోల్చి చూస్తే చాలా వార్తలు తు.చ. తప్పకుండా ఒకేలా ఉంటాయి. అదే లాటిన్, అవే మాటలు, ఒక ఏడాదిలోని వార్తలు ఒకే వరసలో. ఇద్దరు మనుషులు వేర్వేరు చోట్ల కూర్చుని రాస్తే ఇలా కుదరదు. ఇద్దరి వెనకా ఒకే పుస్తకం ఉండాలి. ఈ పోలిక 911 దాకా నడుస్తుంది. అక్కడ తెగుతుంది. ఆ తర్వాత అల్‌స్టర్ దారి అల్‌స్టర్‌ది, క్లాన్‌మక్‌నాయిస్ దారి దానిది.

అంటే 911 దాకా నడిచిన ఒక చరిత్రకు కాపీ తీశారు. అక్కడి నుంచి రెండు ప్రతులూ రెండు చోట్ల విడివిడిగా పెరిగాయి. ఆ మూలగ్రంథం మనకు దొరకలేదు. దానికి ‘ఐర్లండ్ క్రానికల్’ అని పేరు పెట్టింది కాథ్లీన్ హ్యూజ్ అనే చరిత్రకారిణి, 1972లో. 2006లో థామస్ చార్ల్స్-ఎడ్వర్డ్స్ అనే ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు మిగిలిన ప్రతులన్నీ పోల్చి దాన్ని తిరిగి కూర్చి, ఇంగ్లీషు అనువాదంగా రెండు సంపుటాలు వేశాడు. ఒక్క పుట కూడా కంటికి కనపడని పుస్తకానికి ఎడిషన్ రావడం అంటే మాటలా! దాన్ని మొదటిసారి తిరగేసినప్పుడు ఇదేదో దబాయింపులా ఉందే అనుకున్నాను. పద్ధతి చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. రెండు శాఖల్లోనూ ఉన్న వార్త మూలంలో ఉన్నట్టే లెక్క. ఒకే శాఖలో ఉన్నదాని మీద అనుమానం ఉంచుకోవాలి. అంతకు మించిన గారడీ అందులో ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకో మెట్టు వెనక్కి పోదాం. ఆ ఐర్లండ్ క్రానికల్‌కు కూడా ఒక మూలం ఉంది. అది అసలు ఐర్లండ్‌లోనే పుట్టలేదు.

737 కింద ఒక వార్త చూడండి. ఆపర్ క్రోసన్‌లో మెల్ రూబా వారసుడైన ఫాల్బె, గ్వారె కొడుకు, నడిసముద్రంలో తన నావికులతో సహా మునిగిపోయాడు, మొత్తం ఇరవై ఇద్దరు. ఆపర్ క్రోసన్ అంటే ఇప్పటి ఆపిల్‌క్రాస్. స్కాట్లండ్ వాయవ్య తీరంలో ఓ మూల ఊరు, మెల్ రూబా పెట్టిన మఠం అక్కడుండేది. ఆ పడవలో ఎంతమంది ఉన్నారో ఐర్లండ్‌లో ఎవరికి తెలుస్తుంది? తెలిసినా ఎవరికి పడుతుంది? ఆ లెక్క తెలిసినవాడు ఆ సముద్రం మీదే ఎక్కడో ఉండాలి. ఆ మనుషులు వస్తారని ఎదురుచూసిన వాళ్ళకు దగ్గరివాడై ఉండాలి.

ఈ కాలపు వార్తల్లో ఇలాంటివి ఒకటీ రెండూ కాదు. స్కాట్లండ్‌లోని పిక్ట్ తెగల రాజుల యుద్ధాలు, స్కై దీవి మనుషుల రాకపోకలు, స్కాట్లండ్ పడమటి తీరపు డాల్ రియాటా రాజ్యంలో చావులు. వీటన్నిటి మధ్యన స్కాట్లండ్ పడమటి తీరానికి దగ్గర్లో అయోనా అనే దీవి మఠం పెద్దల పేర్లు వరసగా వస్తాయి. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లండ్ నుంచి వెళ్ళి పెట్టిన మఠం అది. 687లో దాని అధిపతి ఆడమ్నాన్ అరవైమంది బందీలను ఐర్లండ్‌కు తిరిగి తెచ్చాడని రాశారు. 716లో ఈస్టర్ పండగ తేదీ లెక్కను అయోనాలో మార్చుకున్నారని రాశారు. ఏ తేదీన పండగ చేయాలన్న దాని మీద అప్పటికే దశాబ్దాల గొడవ నడుస్తోంది. మరుసటి ఏడాదే పిక్ట్‌ల రాజు నెఖ్తన్ అయోనా సన్యాసులను తన రాజ్యం నుంచి కొండల అవతలికి వెళ్ళగొట్టాడని వార్త.

740 ప్రాంతం వచ్చేసరికి ఈ స్కాట్లండ్ వార్తలు ఒక్కసారిగా పలచబడతాయి. ఆపైన కలం ఐర్లండ్ తూర్పు భాగం వైపు తిరుగుతుంది. దీన్ని పట్టుకుని జాన్ బ్యానర్‌మన్ 1968లో ఒక వాదన గట్టిగా నిలబెట్టాడు. అయోనాలో ఒక చరిత్ర రాసుకుంటూ వచ్చారు, 740 దగ్గర దాని ప్రతి ఒకటి ఐర్లండ్ చేరింది, అక్కడి వాళ్ళు దాన్నే కొనసాగించారు అని. అయోనా వాళ్ళు తమ పుస్తకం పేరు ఎక్కడా చెప్పుకోలేదు. వార్తలు దట్టంగా ఉన్న చోటూ, పలచబడిన చోటూ చూసి ఊరు కనుక్కున్నారన్నమాట.

‘సరే, ఇవన్నీ తర్వాత కూర్చుని కల్పించినవి కావని ఏమిటి నమ్మకం?’ అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. దీనికి ఆకాశం సాక్ష్యం ఉంది. 664 కింద ఆనల్స్‌లో మే ఒకటో తేదీన పొద్దుపొడుపు నుంచి లెక్కేస్తే తొమ్మిదో గంటలో, అంటే మన లెక్కన మధ్యాహ్నం మూడు ప్రాంతంలో, చీకటి కమ్మిందని ఉంది. ఆ వేసవిలోనే ఆకాశం మంటలు పట్టినట్టు కనిపించింది, ఆగస్టు ఒకటిన మహమ్మారి ఐర్లండ్ చేరింది అని కూడా. ఇప్పటి ఖగోళ లెక్కలు వేస్తే 664లో సూర్యగ్రహణం మే ఒకటినే వచ్చింది. ఇదే గ్రహణాన్ని ఇంగ్లండ్‌లో బీడ్ కూడా రాశాడు. 731 ప్రాంతంలో చరిత్ర ముగించిన మహా పండితుడు, కాలగణితంలో ఆయనకు సాటిలేరు. ఆయన వేసిన తేదీ మే మూడు. రెండు రోజులు తప్పు! పట్టికల ప్రకారం అమావాస్య ఆ రోజు రావాలి కాబట్టి గ్రహణాన్ని అక్కడికి జరిపారని పండితులు అనుకుంటారు. ఐరిష్ మఠంలో ఎవరో పేరు లేని సన్యాసి మాత్రం ఆరోజు ఆకాశంలో చూసింది రాసుకున్నాడు, తేదీతో సహా. దాన్ని దింపుకున్న వాళ్ళెవరూ పట్టికలతో సరిచేయలేదు. బీడ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఇక్కడ నెగ్గింది ఆ పేరు లేని మనిషే.

ఈ పరీక్షను ఇప్పటివాళ్ళు ఇంకా ముందుకు తీసుకెళ్ళారు. 2013లో ఫ్రాన్సిస్ లడ్లో బృందం 431 నుంచి 1649 దాకా ఐరిష్ ఆనల్స్‌లో ఉన్న భయంకరమైన చలి, మంచు వార్తలను గ్రీన్‌లాండ్ మంచులో దొరికిన అగ్నిపర్వతాల ఆనవాళ్ళతో పోల్చింది. 48 పేలుళ్ళు గుర్తిస్తే వాటిలో 38 పేలుళ్ళకు దగ్గరలో ఐర్లండ్‌లో చలి వార్త ఉంది. మఠంలో వేళ్ళు కొంకర్లు పోతుంటే రాసిన మాటలు అవి.

ఒక చిన్న హెచ్చరిక. ఎవరైనా అల్‌స్టర్ ఆనల్స్ తెరిస్తే సంవత్సరాల దగ్గర జాగ్రత్త. ఐదో శతాబ్దం చివరి నుంచి 1013 దాకా రాతప్రతిలో వేసిన ఏడాది అసలు కంటే ఒకటి తక్కువ. ఎడిటర్లు ఒకటి కలిపి ఇస్తారు. ఇంటర్నెట్‌లో రెండు రకాల తేదీలూ తిరుగుతుంటాయి, వాటితో బుర్ర తినేసుకోవద్దు.

ఇక క్లాన్‌మక్‌నాయిస్ శాఖకు వద్దాం. అల్‌స్టర్ కథ ఒక పెద్దమనిషి ఇంట్లో పద్ధతిగా నడిచింది. ఇక్కడిదంతా చిరుగులూ అతుకులే.

ఈ శాఖలో మొదటిది టిగర్నాఖ్ ఆనల్స్. పద్నాలుగో శతాబ్దపు తోలు ప్రతి, ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. 1088 కింద ‘ఇక్కడిదాకా టిగర్నాఖ్ రాశాడు’, ఎనభై ఎనిమిదిలో పోయాడు అని ఒక ముక్క ఉండబట్టి ఆ పేరు వచ్చింది. ఆ టిగర్నాఖ్ క్లాన్‌మక్‌నాయిస్ మఠాధిపతి. పుస్తకమంతా ఆయనే రాశాడని మాత్రం ఇప్పుడెవరూ అనుకోవడం లేదు. ఈ ప్రతిలో 766 నుంచి 974 దాకా పుటలు లేవు. రెండు వందల ఏళ్ళు!

ఇక్కడ మనవాళ్ళకు ఒక ముచ్చట చెప్పాలి. ఈ టిగర్నాఖ్ ఆనల్స్‌ను 1895 నుంచి 1897 దాకా అచ్చువేసిన పండితుడు విట్లీ స్టోక్స్. డబ్లిన్‌లో పుట్టాడు. ఉద్యోగం ఎక్కడనుకున్నారు? 1862లో మద్రాసు వచ్చి దిగాడు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. తర్వాత కలకత్తా వెళ్ళి వైస్రాయ్ కౌన్సిల్‌లో లా మెంబర్ అయ్యాడు. పొలం తగాదాల్లో మన లాయర్లు పొద్దస్తమానం వల్లించే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది చూశారూ, అది ఆయన చేతి మీదుగా వచ్చిందే. పగలు ఇండియా చట్టాలు, తీరిక దొరికితే పాత ఐరిష్. ఐరిష్ నిఘంటు పాఠాలు కొన్ని కలకత్తాలోనే అచ్చు వేయించాడు. మన సేల్ డీడ్‌కూ టిగర్నాఖ్‌కూ మధ్య ఒకే మనిషి ఉన్నాడంటే నాకైతే భలే సరదాగా ఉంటుంది. (నవ్వులు)

సరే, చిరుగుల దగ్గరకు. రెండోది క్రానికమ్ స్కోటోరమ్. దీన్ని 1640ల ప్రాంతంలో ఎత్తిరాసింది డువాల్టాక్ మాక్‌ఫర్బిస్. తరతరాలుగా చరిత్రలు రాసే కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పాత పుస్తకంలోంచి దింపుతూ దింపుతూ 722 దగ్గరకు వచ్చి ఆగాడు. అక్కడ ఒక మాట రాశాడు: నేను చూసి రాస్తున్న పాత పుస్తకంలో ఇక్కడ రెండు ఆకులు లేవు, వాటి కోసం ఈ పుటలో నా ముందున్న జాగా వదిలేస్తున్నాను, నేను డువాల్టాక్‌ని అని. మళ్ళీ కథ మొదలయ్యేది 804 దగ్గర.

ఎనభై ఏళ్ళు లేవని మనకు బాధే. కానీ ఆ ఖాళీ విలువ చూడండి. వేరే పుస్తకంలోంచి నాలుగు వార్తలు తెచ్చి అతికేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆయన దగ్గర వేరే ఆనల్స్ లేకనా? అయినా అతకలేదు. పైగా సంతకం పెట్టాడు. దాంతో ఆయన ముందున్న పాత పుస్తకం ఎలాంటిదో, ఎక్కడ చిరిగిందో మనకు చేత్తో తడిమినంత స్పష్టంగా తెలిసింది. ఈ మనిషిని 1671లో స్లైగో జిల్లాలో ఒక దుకాణంలో పొడిచి చంపారు, అప్పటికి ముసలివాడు.

ఇప్పుడు రెండు ఖాళీలనూ పక్కపక్కన పెట్టండి. టిగర్నాఖ్ 766 దగ్గర ఆగిపోయాడు. క్రానికమ్ 804కు గానీ మళ్ళీ మొదలవదు. మధ్యలో దాదాపు నలభై ఏళ్ళు రెండూ లేవు. ఆ నలభై ఏళ్ళలోనే, 795లో, ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి దోచుకునే వైకింగులు ఐర్లండ్ తీరం మీద మొదటిసారి పడ్డారు. ఆ కాలానికి క్లాన్‌మక్‌నాయిస్ శాఖ ఏం చెప్పిందో తెలుసుకోవాలంటే చూడాల్సింది ఒక ఇంగ్లీషు అనువాదం. మూలం ఐరిష్ పుస్తకం పోయింది. అనువాదకుడు స్వయంగా రాసిన ప్రతి కూడా పోయింది. దానికి తీసిన కాపీలు మిగిలాయి.

అనువాదం చేసినవాడు కొనెల్ మగేగన్, వెస్ట్‌మీత్ పెద్దమనిషి. 1627లో తన బంధువు టెరెన్స్ కోగ్లన్ కోసం చేశాడు. ఎందుకు చేశాడో ముందుమాటలో కడుపుమండి రాసుకున్నాడు. అది తెలియాలంటే అప్పటి పరిస్థితి ఒక ముక్కలో చెప్పాలి. 1601లో కిన్‌సేల్ యుద్ధంలో ఐరిష్ దొరలు ఇంగ్లీషువాళ్ళ చేతిలో ఓడారు, 1607లో పెద్ద దొరలు దేశం వదిలి పోయారు. చరిత్రలు రాసే కుటుంబాలకు మాన్యాలిచ్చి పోషించే చేతులు లేకుండా పోయాయి. మగేగన్ అంటాడు: ఈ విద్యకు ఇదివరకటి గౌరవమూ రాబడీ లేకపోయేసరికి వాళ్ళు పుస్తకాలను గాలికొదిలేశారు, పిల్లలకు సొంత భాష మాని ఇంగ్లీషు చెప్పిస్తున్నారు. కొందరైతే తాతముత్తాతలు నెత్తిన పెట్టుకున్న పుస్తకాల ఆకులను దర్జీలు పొడుగ్గా కత్తిరించి కొలత పట్టీలు చేసుకుంటున్నా ఊరుకుంటున్నారు.

పాత గ్రంథాలు పోయాయనగానే మనకు మంటలూ, దండయాత్రలూ గుర్తొస్తాయి. వైకింగులు తగలబెట్టారని చెప్పుకోవడం సులువు. కానీ ఎనిమిది వందల ఏళ్ళ నాటి మాటలు మోసుకొచ్చిన తోలు ఆకు ఒక దర్జీ మెడలో పట్టీ అయి, ఎవడి నడుము కొలతకో పనికొచ్చింది. తోలు గట్టిది కదా, చిరగదు, సాగదు. దర్జీది తప్పనలేం.

ఇక నాకు కాస్త కోపం ఉన్న పుస్తకం గురించి. ఐర్లండ్ ఆనల్స్ అనగానే అందరూ చెప్పేది ఫోర్ మాస్టర్స్ పేరు. 1632 జనవరి నుంచి 1636 ఆగస్టు దాకా మీహాల్ ఓ క్లేరీ అనే ఫ్రాన్సిస్కన్ మఠ సోదరుడు, ముగ్గురు నలుగురు సహచరులు డోనిగాల్ ప్రాంతంలో కూర్చుని, దొరికిన ఆనల్స్ అన్నిటినీ కలిపి ఒక మహా సంకలనం చేశారు. వాళ్ళ దేశభక్తి, ఓపిక ముందు ఎవరైనా చేతులు జోడించాల్సిందే. ముందుమాటలో వాడిన పుస్తకాల జాబితా కూడా ఇచ్చారు: క్లాన్‌మక్‌నాయిస్ పుస్తకం, రీ సరస్సులోని సాధువుల దీవి పుస్తకం, మాక్‌మానస్ పుస్తకం, ఓ మల్‌కోనరీ వంశం పుస్తకం, ఓ డుయిగెనన్ వంశం పుస్తకం, మాక్‌ఫర్బిస్ పుస్తకం. వీటిలో మాక్‌మానస్ పుస్తకం మనకు తెలిసిన అల్‌స్టర్ ఆనల్సే. మిగిలినవి చాలావరకు పోయాయి. సాధువుల దీవి పుస్తకం 1227 దాకా నడిచేదట, ఆ ముక్క మిగిలింది, పుస్తకం లేదు.

జాబితా ముందు ఇచ్చారు, బాగుంది. లోపలికి వెళితే మాత్రం ఏ వార్త ఏ పుస్తకంలోదో ఎక్కువ చోట్ల నోరు మెదపరు. పాత లాటిన్ వాక్యాలను ఐరిష్‌లోకి మార్చేశారు. అన్నిటినీ కలిపి ఒకే గొంతులో, ఒకే గంభీరమైన శైలిలో రాశారు. పాత కాలంలో తేదీలు అసలు కంటే కొన్నేళ్ళు అటూ ఇటూ జరిగాయి. చదవడానికి అందంగా ఉంటుంది. కానీ సాధువుల దీవి పుస్తకాన్ని ఇందులోంచి విడదీయమంటే ఎవరి తరం? ఏడు కూరలు కలిపి మెత్తగా రుబ్బేశాక ఏది దోసకాయో చెప్పమన్నట్టుంటుంది. మిగతా పండితులు నాతో ఒప్పుకోరు, ఆ సంకలనమే లేకపోతే కొన్ని వార్తలు అసలు దక్కేవే కాదంటారు. అదీ నిజమే.

చివరిగా ఒక తుంటరి పుస్తకం. దీన్ని ఫ్రాగ్మెంటరీ ఆనల్స్ అంటారు, అంటే ముక్కలు ముక్కలుగా మిగిలినవని. ప్రతి ఇప్పుడు బ్రసెల్స్‌లో ఉంది. దాని పుట్టుక చూడండి: మాక్ ఈగన్ అనే ఆయన దగ్గర పాత తోలు పుస్తకం ఉండేది. 1643లో మన డువాల్టాకే దాన్ని జాన్ లించ్ అనే ఫాదర్ కోసం కాపీ చేశాడు. డువాల్టాక్ కాపీకి ఇంకెవరో కాపీ తీశారు. తోలు పుస్తకం పోయింది, డువాల్టాక్ కాపీ పోయింది, మూడోది మిగిలింది. 573 నుంచి 914 మధ్య కాలానికి చెందిన అయిదు ముక్కలు. వీటిలో ఆసొరీ అనే చిన్న రాజ్యానికీ దాని రాజుకూ అడుగడుగునా భజన. దాంతో, 1039లో పోయిన ఆసొరీ రాజు డొనకా కాలంలో ఆ ఆస్థానం కోసం రాసిన చరిత్ర ఒకటి దీని వెనక ఉందని ఊహిస్తారు. భజన ఎవరికో చూసి ఊరు కనుక్కోవడం అన్నమాట.

మామూలు ఆనల్స్‌లో ఒక వాక్యం ఉండే చోట ఇందులో కథే నడుస్తుంది. ఇంగిమండ్ కథ వినండి. 902లో డబ్లిన్ నుంచి వైకింగులను వెళ్ళగొట్టారు. ఇంగిమండ్ తన మనుషులతో వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవికి పోయాడు, అక్కడా ఓడించి తరిమారు. అప్పుడు ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజ్యాన్ని ఏలుతున్న ఏథెల్‌ఫ్లెడ్ రాణిని అడుక్కుంటే చెస్టర్ పట్టణం దగ్గర భూములిచ్చింది. కొన్నాళ్ళకు పట్టణం బాగుంది కదా అని దాని మీదే కన్నేశాడు. ముట్టడించారు. లోపలివాళ్ళు రాళ్ళు వేశారు. బయటివాళ్ళు తడికెలు అడ్డం పెట్టుకుని గోడ కింద తవ్వడం మొదలెట్టారు. లోపలివాళ్ళు ఊళ్ళో ఉన్న బీరూ నీళ్ళూ గుండిగల్లో సలసలా కాచి వాళ్ళ నెత్తిన పోశారు, చర్మం ఊడొచ్చిందట. తడికెల మీద తోళ్ళు కప్పుకుని మళ్ళీ వచ్చారు. అప్పుడు పట్టణంలోని తేనెపట్టులన్నీ తెచ్చి వాళ్ళ మీద విసిరారు. తేనెటీగలు కుట్టిన కుట్టుడికి కాళ్ళూ చేతులూ కదల్లేక ముట్టడి వదిలి పోయారు.

చాలాకాలం దీన్ని కట్టుకథ అని కొట్టిపారేశారు. అయితే వేల్స్ వాళ్ళ ఆనల్స్‌లో అదే కాలం కింద ఒక్క లాటిన్ వాక్యం ఉంది: ఇగ్మండ్ మోన్ దీవికి వచ్చి ఒస్మేలియన్ మైదానం పట్టుకున్నాడు. మోన్ అంటే ఆంగ్లెసీయే. ఇంగ్లండ్ చరిత్రలో 907 కింద ఇంకో ముక్క: చెస్టర్‌ను తిరిగి బాగుచేశారు. మూడు దేశాల రాతలు, ఒకదాన్ని ఒకటి చూసి రాసినవి కావు. ఎఫ్.టి. వెయిన్‌రైట్ 1948లో వీటిని కలిపి చూపించి, కథ కింద అసలు సంఘటన ఉందని ఒప్పించాడు. తేనెటీగల మాట ఎవరూ పూచీపడరు. ఇంగిమండ్‌కు మాత్రం ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో చోటుంది.

వేల్స్ ఆనల్స్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. వాటి మొదటి భాగంలో పాట్రిక్, బ్రిజిడ్, కొలంబా లాంటి ఐరిష్ సాధువుల వార్తలు కనిపిస్తాయి. అవి ఐరిష్ చరిత్ర ఒకదాన్నుంచి ఎత్తుకున్నవే. అంటే మనం వెతుకుతున్న పుస్తకం ముక్కలు సముద్రం దాటి అటు కూడా పడ్డాయి.

పండితులందరూ ఒక మాట మీద ఉన్నారని అనుకోకండి. డబ్లిన్‌లో డానియెల్ మెక్‌కార్తీ అనే ఆయన 2008లో ఏకంగా లెక్కే తిప్పేశాడు. తేదీలు గుర్తు పెట్టుకునే పాత పద్ధతి, ఏడాది మొదటి రోజు ఏ వారమో రాసుకోవడం, క్లాన్‌మక్‌నాయిస్ శాఖలోనే సరిగ్గా మిగిలిందని, అసలు వెన్నెముక అదేనని, అల్‌స్టర్ వాళ్ళు తర్వాత సర్దుకున్నారని ఆయన వాదన. చార్ల్స్-ఎడ్వర్డ్స్ పక్షం వాళ్ళు అంత దూరం పోరు. నేను రెంటినీ చదివి, వారాల లెక్కలో మెక్‌కార్తీ వైపు, మిగతా విషయాల్లో అటువైపు మొగ్గుతాను. ఇద్దరికీ కోపం వస్తుందని తెలుసు.

అల్‌స్టర్, టిగర్నాఖ్, క్రానికమ్, ఫోర్ మాస్టర్స్ పాఠాలు కార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు, చాలావాటికి ఇంగ్లీషు అనువాదంతో సహా. మొదటిసారి చూసేవాళ్ళు 664తో మొదలుపెట్టండి, తర్వాత 737. ఆ పై ఏడాది మీ ఇష్టం. ఇప్పుడు ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి.